కరెంటు చదువు చదివిన తొలి ఆడబిడ్డ: అయ్యలసోమయాజుల లలిత

 

మన కాల్హేర్‌లో కరెంటు విలువ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. కరెంటు ఉంటే సాంచలు ఆడతాయి, కూలి గిడుతుంది. కరెంటు పోతే కార్ఖానా అంతా ఒక్కసారిగా మూగబోతుంది. ఆ కరెంటు ఎక్కడో పుడుతుంది. పెద్ద పెద్ద టవర్ల మీది తీగల్లో వందల మైళ్ళు ప్రయాణం చేస్తుంది. సబ్‌స్టేషన్‌లో తగ్గి, స్తంభాల మీదుగా మన సాంచ మోటారు దాకా వస్తుంది. ఆ దారి దానంతట అది ఏర్పడదు. ఏ తీగ ఎంత లావు ఉండాలి, ఏ యంత్రం ఎక్కడ పెట్టాలి అని ఎవరో ఒకరు కూర్చుని, లెక్క కట్టి, కాగితం మీద గీస్తేనే ఏర్పడుతుంది.

మన దేశంలో అలాంటి చదువు చదివి, అలాంటి పని చేసిన మొట్టమొదటి మహిళ ఒక తెలుగింటి బిడ్డ. పేరు అయ్యలసోమయాజుల లలిత. ఎ. లలిత అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. భారతదేశపు తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు అని పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక్క లైను కనపడుతుంది. ఆ ఒక్క లైను వెనకాల ఉన్న జీవితం పిల్లలకూ తెలియాలి, అంతకంటే ఎక్కువగా అమ్మానాన్నలకూ తెలియాలి. అందుకే ఈసారి ఆమె గురించి రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. పదో తరగతి అయిపోగానే ప్రతి ఇంట్లో ఒక మాట నడుస్తుంది. పదకొండులో సైన్సా, కామర్సా, ఆర్ట్సా? కొడుకు విషయంలో ఆ మాట చాలా రోజులు నడుస్తుంది. నలుగురిని అడుగుతాం, ఫీజు ఎంతో కనుక్కుంటాం, అవసరమైతే అప్పు గురించి కూడా ఆలోచిస్తాం. కూతురి విషయంలో అదే మాట చాలా ఇళ్ళల్లో ఒక్క పూటలో తేలిపోతుంది. ఎందుకు తేలిపోతుంది అన్న ప్రశ్నకు లలితగారి జీవితంలో మంచి జవాబు దొరుకుతుంది.

ఒకే ఇల్లు, రెండు దారులు

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. ఆ రోజుల్లో మద్రాసు తెలుగువాళ్ళకు కూడా రాజధానే. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీలోని ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. ఆ దంపతులకు ఏడుగురు పిల్లలు. వాళ్ళలో లలిత ఐదో సంతానం.

ఇప్పుడు ఆ ఇంటిని ఒక్కసారి ఊహించుకోండి. తండ్రి కరెంటు చదువు చెప్పే ప్రొఫెసరు. ఇంట్లో పుస్తకాలకు కొదవ లేదు. పిల్లలందరూ ఒకే వంటింటి అన్నం తిన్నారు, ఒకే కప్పు కింద పెరిగారు. అయినా ఏం జరిగింది? మగపిల్లలు పెద్ద చదువులు చదివి ఇంజనీర్లయ్యారు. ఆడపిల్లల చదువు బడి దగ్గర ఆగింది, పెళ్ళిళ్ళు అయ్యాయి. ఇందులో ఆ తండ్రి చెడ్డవాడని కాదు. ఆ కాలంలో అదే పద్ధతి. చదువుకున్న ఇంట్లో కూడా, సైన్సు తెలిసిన ఇంట్లో కూడా అదే పద్ధతి.

లలితకు పదిహేనో ఏట, 1934లో, పెళ్ళి చేశారు. పెళ్ళయినా పదో తరగతి దాకా చదువు ఆగకుండా తండ్రి చూశారు. ఆ తర్వాత అందరు ఆడపిల్లల లాగే ఆమె కూడా సంసారంలో పడ్డారు. కూతురు పుట్టింది. బిడ్డకు నాలుగో నెల నడుస్తుండగా భర్త చనిపోయారు. అప్పటికి లలితకు ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు.

ఆ కాలంలో భర్త పోయిన ఆడమనిషి బతుకు ఎలా ఉండేదో మన పెద్దవాళ్ళను అడిగితే చెప్తారు. చాలా కుటుంబాల్లో జుట్టు తీయించేవాళ్ళు, తెల్లచీర కట్టించేవాళ్ళు. శుభకార్యాల్లో ఎదురు రానిచ్చేవాళ్ళు కాదు. వయసుతో పని లేదు. పద్దెనిమిదేళ్ళయినా, ఎనభై ఏళ్ళయినా ఇంట్లో ఒక మూల కూర్చోవలసిందే. లలిత అలా మూల కూర్చోలేదు. పుట్టింటికి వచ్చి, బిడ్డను పెంచాలంటే తన కాళ్ళ మీద తాను నిలబడాలని నిశ్చయించుకున్నారు. నిలబడాలంటే ఉద్యోగం కావాలి, ఉద్యోగం కావాలంటే చదువు కావాలి. ఇంతే ఆమె లెక్క. ఈ లెక్కకు పుట్టింటివాళ్ళు అడ్డు పడలేదు. పక్కన నిలబడ్డారు.

ప్రొఫెసరుగారు తన కూతురి కోసం అడిగారు

లలిత మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియెట్ చదివి, ఫస్టు క్లాసులో పాసయ్యారు. పెళ్ళి, పురుడు, భర్త మరణం అన్నీ అయ్యాక వచ్చిన ఫస్టు క్లాసు అది.

ఆ తర్వాత ఏం చదవాలి? అప్పట్లో సైన్సు చదివే ఆడపిల్లకు తెలిసిన దారి డాక్టరు కోర్సు. కానీ డాక్టరుకు వేళాపాళా ఉండదు. అర్ధరాత్రి పిలిచినా వెళ్ళాలి. చంటిబిడ్డ ఉన్న తల్లికి అది కుదరదు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరే ఉద్యోగం కావాలి. తండ్రినీ అన్నదమ్ములనూ చూసి ఆమెకు ఇంజనీరింగు తెలుసు. అదే చదువుతానన్నారు.

చిక్కు ఏమిటంటే, గిండీ కాలేజీలో అంతవరకు ఒక్క ఆడపిల్ల కూడా చదవలేదు. 1794లో సర్వే బడిగా మొదలైన ఆ విద్యాసంస్థకు అప్పటికి దాదాపు నూట యాభై ఏళ్ళు. అన్నేళ్ళలో ఒక్కరు లేరు. మద్రాసు రాష్ట్రంలో లెక్కలు వచ్చిన ఆడపిల్ల ఒక్కతె కూడా పుట్టలేదా? పుట్టే ఉంటారు. ఆ గుమ్మం దాకా వాళ్ళను ఎవరూ పంపలేదు.

సుబ్బారావుగారు కాలేజీ ప్రిన్సిపాల్ కె.సి. చాకోగారి దగ్గరికి వెళ్ళి తన కూతురికి సీటు ఇమ్మని అడిగారు. ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు. పైన విద్యాశాఖ డైరెక్టరుగా ఉన్న ఆర్.ఎం. స్టాథమ్ అనే ఇంగ్లీషు అధికారి కూడా సరేనన్నారు. అలా 1940లో లలిత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ కోర్సులో చేరారు.

తల్లిదండ్రులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1934లో పెళ్ళిపీటల మీద కూర్చున్న లలితా, 1940లో ఇంజనీరింగ్ క్లాసులో కూర్చున్న లలితా ఒక్కరే. ఆమె బుర్ర మధ్యలో మారలేదు. ఆరేళ్ళ కింద కూడా ఆమెకు లెక్కలు వచ్చు, ఆరేళ్ళ తర్వాత కూడా వచ్చు. మారింది ఒక్కటే. మొదటిసారి ఆమె కోసం ఇంజనీరింగు గురించి ఎవరూ అడగలేదు, రెండోసారి కన్నతండ్రి వెళ్ళి అడిగారు. ఆ అడగడానికి ఇంట్లో అంత పెద్ద కష్టం రావలసి వచ్చింది. మన ఇళ్ళల్లో కష్టం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు కదా.

ఒక్కరి నుంచి ముగ్గురు

చదువు కష్టం కాలేదు కానీ, ఒంటరితనం కష్టమైంది. వందలమంది మగపిల్లల మధ్య ఒక్క ఆడపిల్ల. తోటి విద్యార్థులు ఇబ్బంది పెట్టారని కాదు. సాయంత్రం క్లాసు అయ్యాక హాస్టల్లో మాట్లాడుకోవడానికి ఒక తోడు లేదు. పసిబిడ్డ ఇంటివాళ్ళ దగ్గర ఉంది. ఆ పరిస్థితిలో చాలామంది చదువు మానేసి ఇంటికి వెళ్ళిపోతారు.

అప్పుడు కాలేజీ ఒక మంచి పని చేసింది. ఆడపిల్లలు కూడా ఇంజనీరింగులో చేరవచ్చని పత్రికల్లో ప్రకటన వేయించింది. లలిత చేరిన కొన్ని నెలలకే ఇద్దరు అమ్మాయిలు సివిల్ ఇంజనీరింగులో చేరారు. ఒకరు లీలమ్మ జార్జి, ఇంకొకరు పి.కె. త్రేసియా. ఇద్దరూ కేరళ ప్రాంతంవాళ్ళు. నూట యాభై ఏళ్ళుగా ఎవరూ రారని అనుకున్న చోటికి, ఒక్క ప్రకటన వేయగానే ఇద్దరు వచ్చారు. అంటే వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు, రమ్మన్నవాళ్ళే లేరు.

అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. ఇంజనీర్ల అవసరం ఎక్కువై, కోర్సు కాలాన్ని తగ్గించారు. దాంతో లలిత కంటే వెనక చేరిన ఇద్దరూ ఆమెతో పాటే 1943లో చదువు ముగించారు. పట్టాల విషయంలో ఒక విశేషం జరిగింది. ఇంజనీరింగ్ పట్టా కాగితం మీద విద్యార్థి అంటే మగవాడే అన్నట్టు ఇంగ్లీషులో అతడు అన్న మాటే ముందుగా అచ్చయి ఉండేది. వీళ్ళ ముగ్గురి కోసం ఆ మాట కొట్టేసి, ఆమె అని మార్చాల్సి వచ్చింది. కొట్టివేత ఉన్న ఆ కాగితాలే మన దేశంలో ఆడపిల్లల ఇంజనీరింగ్ చదువుకు తొలి సాక్ష్యాలు.

ఆ ముగ్గురిలో త్రేసియాగారు తర్వాత కేరళ ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చీఫ్ ఇంజనీరు దాకా ఎదిగారు. దేశంలో ఆ పదవికి వచ్చిన తొలి మహిళ ఆమే. లలితకు తోడుగా ఉంటారని కాలేజీ పిలిచిన పిల్లల్లో ఒకరు రోడ్లు, వంతెనలు కట్టించే శాఖకు పెద్ద అయ్యారన్న మాట.

పొగ ఇంజన్ల నుంచి భాక్రా ఆనకట్ట దాకా

చదువయ్యాక పని నేర్చుకోవాలి. లలిత ఏడాదిపాటు బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొందారు. 1862లో మొదలైన ఆ వర్క్‌షాపులో పొగ ఇంజన్లు బాగు చేసేవారు. అక్కడి మసి, నూనె, ఇనుము, చప్పుడు ఎలా ఉంటాయో సాంచల మధ్య బతికే మనం తేలిగ్గానే ఊహించుకోగలం. ఇరవై నాలుగేళ్ళ తెలుగమ్మాయి అక్కడ పని నేర్చుకుంది.

1944లో సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా చేరారు. రెండేళ్ళకు పైగా అక్కడ పని చేశారు. అక్కడ ఉండగానే లండన్‌లోని స్ట్రక్చరల్ ఇంజనీర్ల సంస్థ పెట్టే పరీక్ష కూడా రాశారు. ఉద్యోగం వచ్చింది కదా అని పుస్తకం మూసేయలేదు, చూడండి.

తర్వాత కొంతకాలం మద్రాసు వచ్చి తండ్రి పరిశోధనల్లో సాయం చేశారు. సుబ్బారావుగారు కొత్త పరికరాలు తయారు చేసేవారు. కరెంటుతో పలికే సంగీత వాయిద్యం ఒకటి, పొగ రాని పొయ్యిలు కొన్ని. తండ్రీకూతుళ్ళు ఇద్దరూ ఇంజనీర్లే కాబట్టి ఆ ఇంట్లో ఇప్పుడు కూతురు తండ్రికి చేతిసాయం. పదేళ్ళ కిందట ఆ ఇంట్లో ఎవరైనా ఈ దృశ్యం ఊహించి ఉంటారా?

కానీ ఇల్లు గడవాలంటే జీతం కావాలి. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరారు. ఆ కంపెనీ తర్వాత జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ చేతికి వెళ్ళింది. ఆమె మాత్రం అక్కడే దాదాపు ముప్పై ఏళ్ళు పని చేసి 1977లో రిటైరయ్యారు. కరెంటు సరఫరా లైన్ల డిజైను, సబ్‌స్టేషన్లలో ఏ యంత్రం ఎక్కడ ఉండాలన్న ప్లాను, కాంట్రాక్టుల పని, ఇవీ ఆమె చేసిన ఉద్యోగం. చిన్న వయసులో భర్తను పోగొట్టుకున్న ఆడమనిషి ఊళ్ళు తిరుగుతూ సైట్ల మీద పని చేయడం ఆ రోజుల్లో తేలిక కాదు. అందుకని ఆమె పని ఎక్కువగా ఆఫీసులోనే సాగింది.

ఆమె చేయి పడిన పనుల్లో పెద్దది భాక్రా నంగల్ ప్రాజెక్టు. సట్లెజ్ నది మీద కట్టిన భాక్రా ఆనకట్ట ఎత్తు సుమారు 226 మీటర్లు. 1963లో ప్రధాని నెహ్రూ దాన్ని జాతికి అంకితం చేశారు. ఆ ప్రాజెక్టులో కరెంటు పుట్టించే జనరేటర్లకు సంబంధించిన పనిలో లలితగారి పాలు ఉంది. పిల్లలూ, సాంఘిక శాస్త్రంలో భాక్రా నంగల్ పేరు వచ్చినప్పుడు ఆ పక్కన పెన్సిలుతో ఆమె పేరు కూడా రాసుకోండి.

పనికి గుర్తింపు కూడా వచ్చింది. లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ 1953లో ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా తీసుకుంది.

న్యూయార్కులో ఒక్క చీరకట్టు

1964 జూన్‌లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. లలితగారికి ఆహ్వానం వచ్చింది. మన దేశంలో అప్పటికి మహిళా ఇంజనీర్ల సంఘం ఏదీ లేదు. దేశం తరఫున పంపే సంస్థ లేదు కాబట్టి ఆమె సొంత హోదాలో వెళ్ళి వచ్చారు. మరుసటి ఏడాది లండన్‌లోని మహిళా ఇంజనీర్ల సంఘంలో పూర్తి సభ్యురాలయ్యారు. 1967లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రెండో సమావేశం జరిగినప్పుడు, మన దేశం నుంచి వెళ్ళగలిగే మహిళలను కలుపుకొచ్చే బాధ్యత తీసుకున్నారు.

మొదట కాలేజీలో తాను ఒక్కతే. కాలేజీ వేసిన ప్రకటనతో తోడు దొరికింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆమే ఇతరులకు కబురు పంపే స్థానానికి వచ్చారు. తనకు అందిన చేయి ఇంకొకరికి అందించారు.

ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. బంధువుల అండతో కూతురిని పెంచారు. ఆ కూతురు కూడా సైన్సు చదివి, అమెరికాలో గణితం చెప్పే టీచరయ్యారు. రిటైరైన రెండేళ్ళకే, 1979 అక్టోబరు 12న, లలితగారు కన్నుమూశారు. అప్పటికి ఆమెకు అరవై ఏళ్ళు.

తేడాను కొలవడం ఎలా?

ఇంతవరకు చదివి, ఇది పాతకాలం కథ, ఇప్పుడు ఆడపిల్లలూ మగపిల్లలూ సమానమే కదా అని మీరు అనవచ్చు. అది సగం నిజం. లెక్క చూద్దాం.

కేంద్ర ప్రభుత్వం ప్రతి ఏటా ఉన్నత విద్య మీద సర్వే చేస్తుంది. 2020-21 లెక్క ప్రకారం కాలేజీల్లో సైన్సు చదువుతున్నవాళ్ళు 57.2 లక్షల మంది. వాళ్ళలో అమ్మాయిలు 29.5 లక్షలు, అబ్బాయిలు 27.7 లక్షలు. అమ్మాయిలే ఎక్కువ! కానీ అదే దేశంలో ఇంజనీరింగ్ కోర్సులకు వస్తే, నూరుమందిలో అమ్మాయిలు ముప్పై మంది లోపే. సైన్సు రాకపోవడం వల్ల అయితే మొదటి అంకె అలా ఉండదు కదా. అంటే సైన్సు మీద ఇష్టం ఉంది, తెలివీ ఉంది. ఫీజు ఎక్కువైన చోట, దూరం వెళ్ళాల్సిన చోట, మగవాళ్ళ పని అని పేరు పడిన చోట మాత్రం తేడా వస్తోంది.

ప్రపంచమంతా ఇదే ప్రశ్న వేసుకుంటోంది. 2017 నుంచి మూడేళ్ళపాటు అంతర్జాతీయ గణిత, రసాయన శాస్త్ర సంఘాలు ముందుండి, మిగతా శాస్త్ర సంఘాలతో కలిసి, సైన్సులో ఆడా మగా తేడాను ఎలా కొలవాలి, ఎలా తగ్గించాలి అని ఒక పెద్ద పని చేశాయి. 159 దేశాల నుంచి 32 వేల మందికి పైగా శాస్త్రరంగంవాళ్ళు వాళ్ళ ప్రశ్నలకు జవాబులిచ్చారు. చివర్లో వాళ్ళు చేసిన సూచనల్లో ఒక వరస ప్రత్యేకంగా తల్లిదండ్రులకూ, టీచర్లకూ రాశారు. శాస్త్రవేత్తల సభ పెట్టి కూడా చివరికి ఇంటి దగ్గరికీ, బడి దగ్గరికీ వచ్చారన్న మాట.

నేను కూడా మీతో అదే అంటాను. తేడాను మార్కుల్లో మాత్రమే కొలిస్తే కనపడదు. మన బడి లాంటి చోట లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకునే ఆడపిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. మార్కుల లిస్టు చూస్తే అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. కొలవాల్సింది మెట్టు మెట్టుకూ ఎంతమంది మిగిలారు అన్నది. ఒక ఉదాహరణ చెప్తాను, ఇది ఊరికే అర్థం కావడానికి. ఏడో తరగతిలో ఇరవై మంది అబ్బాయిలు, ఇరవై మంది అమ్మాయిలు ఉన్నారనుకోండి. పదిలో కూడా అలాగే ఉన్నారు. పదకొండు సైన్సులో ఎనిమిది మంది అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు చేరారు. అప్పుడు తేడా పరీక్ష హాల్లో రాలేదు. పదికీ పదకొండుకీ మధ్య ఉన్న వేసవి సెలవుల్లో, ఇంట్లో, మనం మాట్లాడుకున్న ఆ ఒక్క పూటలో వచ్చింది. సుబ్బారావుగారి ఇంట్లో అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ మధ్య తేడా కూడా అక్కడే వచ్చింది.

కాబట్టి అమ్మానాన్నలు ఈ వారం ఇంట్లో ఒక చిన్న లెక్క వేయండి. కాగితం మీద రెండు గడులు గీయండి. ఒకటి కొడుకు పేరుతో, ఒకటి కూతురి పేరుతో. ఒక వారంలో ఎవరు ఎన్ని గంటలు చదువుకున్నారు? ఎవరు ఎన్ని గంటలు ఇంటిపని చేశారు, కండెలు చుట్టారు, చిన్నపిల్లలను ఎత్తుకున్నారు? ట్యూషన్ ఎవరికి పెట్టాం? చదువు కోసం ఫోను ఎవరి చేతిలో ఎంతసేపు ఉంది? ఫ్యూజు పోతే, సైకిలు చైను ఊడితే ఎవరిని పిలిచాం? వారం చివర రెండు గడులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరికీ చూపించనక్కర్లేదు. అంకెలు మీకే చెప్తాయి.

కొడుకు ఒక్కడే ఉన్నవాళ్ళు, కూతుళ్ళు మాత్రమే ఉన్నవాళ్ళు కూడా వేయవచ్చు. చదువు గంటలు ఎన్ని, పని గంటలు ఎన్ని అని చూడండి చాలు.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. రాత్రి పాళీ, పగటి పాళీ చేసి వచ్చిన మనిషికి కాలేజీ ఫారాల గురించి తిరిగే ఓపిక ఉండదు. జూనియర్ కాలేజీ భివండికో, ఠాణాకో వెళ్ళాలి. దారి పొడుగునా గోదాముల లారీలు. ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి భయం. ఆ భయం అబద్ధం కాదు. కానీ గిండీ కాలేజీ ఆ భయానికి ఏం చేసిందో చూశాం. ఉన్న ఒక్కరినీ ఇంటికి పంపేయలేదు, ఇంకో ఇద్దరిని పిలిచింది. మన దగ్గర కూడా అదే దారి. మీ అమ్మాయి ఒక్కతె అయితే భయం. ఒకే వాడలో ముగ్గురు అమ్మాయిలు కలిసి ఒకే కాలేజీలో సైన్సులో చేరితే, ముగ్గురూ ఒకే బస్సులో వెళ్ళి, ఒకే బస్సులో వస్తారు. పక్కింటివాళ్ళతో ఒక్క మాట మాట్లాడి చూడండి.

ఇంకొక సందేహం కూడా చాలామందికి ఉంటుంది. తెలుగులో చదివిన పిల్ల పదకొండులో ఇంగ్లీషు సైన్సు అందుకోగలదా అని. మొదటి మూడు నాలుగు నెలలు కష్టమే. అది అబ్బాయికీ కష్టమే, అమ్మాయికీ కష్టమే. అబ్బాయికి నేర్చుకుంటాడులే అంటాం, అమ్మాయికి ఎందుకులే అంటాం. భాష వల్ల వచ్చే కష్టం ఇద్దరికీ ఒకటే అయినప్పుడు ధైర్యం కూడా ఇద్దరికీ ఒకేలా చెప్పాలి. బలమైన పునాది పదో తరగతి గణితంలోనే పడుతుంది. బీజగణితం, భూమితి రెండు భాగాలూ బట్టీ పట్టకుండా అర్థం చేసుకున్నవాళ్ళకు పదకొండులో మాటలు కొత్తవి అవుతాయి కానీ, లెక్క కొత్తది కాదు.

పిల్లలకు

అమ్మాయిలూ, ప్రయోగాల పీరియడ్‌లో మీరు నోట్సు రాయడం, అబ్బాయిలు తీగలు కలపడం అనే అలవాటు మానేయండి. ఒకరోజు మీరు బ్యాటరీ, బల్బు, తీగ పట్టుకోండి, వాళ్ళు నోట్సు రాస్తారు. బల్బు వెలగకపోతే ఎందుకు వెలగలేదో మీరే వెతకండి. లలితగారు రైల్వే వర్క్‌షాపులో చేసిన పనికి మొదటి మెట్టు అదే.

అబ్బాయిలూ, ఈ కథ మీది కూడా. ఇంట్లో చెల్లెలు చదువుకునే వేళకు నీళ్ళు పట్టడం, గిన్నెలు సర్దడం మీకు చేతకాని పనులు కావు. సుబ్బారావుగారు పెద్ద ప్రొఫెసరు అయినందుకు ఆయన పేరు ఈ రోజు మనం తలుచుకోవడం లేదు. కూతురి కోసం వెళ్ళి అడిగినందుకు తలుచుకుంటున్నాం.

తల్లిదండ్రులకు చివరి మాట. పదో తరగతి చదివే పిల్లలున్నవాళ్ళు, ఏ శాఖ అన్నది ఇంట్లో తేల్చేయకముందే ఒక్కసారి బడికి రండి. కూతురి గురించి అడగడానికి వస్తే ఇంకా సంతోషం. పని మానుకుని రానక్కర్లేదు, పాళీ అయ్యాక సాయంత్రం వచ్చినా మాట్లాడతాను. ఫీజులు, స్కాలర్‌షిప్పులు, కాలేజీ దూరం, తోడు వెళ్ళే పిల్లలు, అన్నీ కూర్చుని చూద్దాం. చూసిన తర్వాత కూడా మీ అమ్మాయి కామర్సే ఇష్టం అంటే నిక్షేపంగా చేర్పించండి. ఎవరూ అడగకపోవడం వల్ల మాత్రం ఏ పిల్ల చదువూ ఆగకూడదు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు